గాజు పలక మీద ఖాళీ గదులు

1968 ఫిబ్రవరిలో నన్ను శ్రీకాకుళం జిల్లా ఆసుపత్రికి వేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ అని ఉన్నా నా చేతికి కత్తి ఇచ్చేవారు కాదు, నాకు అక్కర్లేదు కూడా. నేను పెథాలజిస్టుని. రోగిని పరీక్షించి మందు రాసే డాక్టర్లు వేరు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కనో, రక్తాన్నో, కఫాన్నో చూసి జబ్బు పేరు చెప్పే డాక్టర్లు వేరు. నేను ఆ రెండో రకం అని చెబితే విజయనగరంలో మా చుట్టాలకి అర్థమయ్యేది కాదు. "శవాలు కోస్తుందట" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకునేవారు. నాకు సంబంధాలు రాకపోవడానికి అదే కారణమని మా అమ్మ గట్టి నమ్మకం. నా నోటి దురుసు కూడా కొంత కారణం అయ్యుండవచ్చు.

నాకిచ్చిన గది వరండా చివర ఉండేది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, కిటికీ కింద రాతి బల్ల, బల్ల మీద ఒంటికంటి మైక్రోస్కోపు. దానికి దీపం లేదు. అడుగున చిన్న గుండ్రటి అద్దం ఉండేది. ఆ అద్దాన్ని ఆకాశం వైపు తిప్పితే వెలుతురు గాజు పలక గుండా పైకి వచ్చి కంట్లో పడేది. కరెంటు దీపం పెట్టుకోవచ్చు కానీ ఆ రోజుల్లో కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోయేది. అందుకని నేను పగటి వెలుతురునే నమ్ముకున్నాను. బయట మబ్బు పడితే నా పలక మీదా మబ్బు పడేది. ఎండ కాస్తే లోపల గులాబీ రంగు, నీలం రంగు ఒక్కసారిగా విచ్చుకునేవి. గంటల తరబడి ఒక కన్నుతో అలా చూస్తూ కూర్చుంటే మనిషికి ఒక మత్తు వస్తుంది. కుర్చీ ఎక్కడుందో, తను ఎక్కడుందో తెలియదు. ఆ మత్తు నాకు చాలా ఇష్టం. ఇంత చదువూ దానికోసమే చదివానేమో అని కూడా అనిపించేది.

ఆసుపత్రికి పెద్ద సివిల్ సర్జన్ గారు. చేయి తిరిగిన మనిషి, మాట మాత్రం మెత్తన. అప్పుడప్పుడూ నా గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, చూస్తున్నావా, కునుకు తీస్తున్నావా?" అనేవారు. రెండూ ఒకటేనండి అనేదాన్ని. ఆయన నవ్వి వెళ్ళిపోయేవారు.

నా పనిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల జబ్బులే. పొద్దున్నే ఇంకా ఏమీ తినకముందు దగ్గి ఉమ్మిన కఫాన్ని వెడల్పు మూతి సీసాల్లో పట్టుకొచ్చేవారు. ఎక్కువగా క్షయ కోసం చూడటమే. కఫాన్ని పలక మీద పలచగా పరచి, ఆరబెట్టి, ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద నుంచి వేడి చేసి, తర్వాత ఆమ్లంతో కడగాలి. అన్నిటి రంగూ పోతుంది, క్షయ క్రిముల రంగు మాత్రం పోదు. పైన నీలం వేస్తే, ఆ నీలంలో సన్నటి ఎర్ర పుల్లలు కనిపిస్తాయి. అవి కనిపిస్తే రోగికి జబ్బు పేరు దొరికినట్టు.

కణితి కోసం చూసే పద్ధతి వేరు. ఊపిరితిత్తిలో కేన్సరు ఉంటే దాని కణాలు కొన్ని కఫంలో రాలి పడతాయి. వాటిని గుర్తుపట్టడం మా వైపు అప్పటికి కొత్త విద్య, నేను విశాఖలో చదువుకునేటప్పుడు నేర్చుకున్నాను. దీనికి పలకను ఆరనివ్వకూడదు. తడిగా ఉండగానే ఆల్కహాలు, ఈథరు కలిపిన ద్రవంలో ముంచాలి. అప్పుడు కణాలు ఎక్కడివక్కడ, ఎలా ఉన్నవి అలా నిలిచిపోతాయి. అయితే ఆ ద్రవం ఊరికే పని చేసిపెట్టదు, కొంత తన వాటా తీసుకుంటుంది. కణాల్లో కొవ్వో నూనో ఉంటే దాన్ని కరిగించి పట్టుకుపోతుంది. కొవ్వు ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. ఈ సంగతి పాఠంలో ఒక వాక్యం. అందరం చదివాం, పరీక్షలో రాశాం.

ఏప్రిల్‌లో కామయ్య వచ్చాడు. భావనపాడు జాలరి, నలభైకి ఒకటి రెండేళ్ళు తక్కువ. పడవకి చుక్కాని పట్టేది అతనే. మామూలుగా నా దగ్గరికి సీసాలు వస్తాయి కానీ మనుషులు రారు. ఇతను వార్డు ఆయా చేతికి ఇవ్వకుండా తన సీసా తనే పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దీంతోటి ఏటి సేత్తారమ్మా?" అని అడిగాడు.

చూసి నీ జబ్బు పేరు చెబుతాం అన్నాను.

"పేరు నాకెందుకమ్మా? మళ్ళీ సుక్కాని పట్టొచ్చో నేదో, అది సెప్పండి, సాలు."

అతని సంగతి అప్పటికే ఆసుపత్రిలో అందరికీ తెలుసు. నెలల తరబడి దగ్గు, సాయంత్రాలు ఒళ్ళు కాస్త వెచ్చబడటం, ఆయాసం. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగు భాగాన తెల్లటి నీడ, అంచులు గరుకుగా ఉన్నాయి. కఫంలో క్షయ క్రిములు ఎన్నిసార్లు చూసినా దొరకలేదు. అయినా అనుమానం మీద క్షయకి సూదులు వేశారు. నీడ కదల్లేదు. పైగా అతను చిన్నప్పటి నుంచీ చుట్ట తాగుతాడు, అదీ అడ్డపొగ. గాలికి, తుంపరకి ఆరిపోకుండా చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. ఆ తీరంలో ఆడవాళ్ళకి మరీ అలవాటు, సముద్రం మీద మగవాళ్ళూ అంతే. ఇన్నీ కలిపి చూసి సివిల్ సర్జన్ గారు ఇది కణితి అన్నారు. ఆ స్థానంలో ఎవరున్నా అదే అంటారు, నేనూ అదే అనేదాన్ని.

కణితి అయితే విశాఖ పంపాలి. అక్కడ ఛాతీ తెరిచి ఆ భాగాన్ని తీసేస్తారు, అవసరమైతే కుడి ఊపిరితిత్తి మొత్తం తీసేస్తారు. ఒక్క ఊపిరితిత్తితో మనిషి బతకగలడు. సంతకి వెళ్ళగలడు, వల అల్లుకోగలడు. అలలు లేచే చోట పడవ వెనక నిలబడి చుక్కాని తొక్కిపట్టడం మాత్రం అతని వల్ల కాదు. కామయ్య అడిగిన ప్రశ్నకి జవాబు అదే.

అతని పలకలు చాలా చూశాను. కేన్సరు కణాలు ఒక్కటి కనబడలేదు. వాటికి బదులు పెద్ద పెద్ద కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో దుమ్మూ ధూళీ ఏరి మింగే కణాలు కొన్ని ఉంటాయి, పాకీ పని వాటిది. ఇవి అవే. కానీ ఒక్కొక్కటి మామూలు దానికి రెండింతలు ఉబ్బి ఉంది. లోపల గుండ్రటి ఖాళీలు, ఒకదాని పక్కన ఒకటి. ఎవరో కాపురం ఉండి సామాను సర్దుకుని వెళ్ళిపోయిన గదుల్లా ఉన్నాయి. ఆ రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. వెలుతురు ఆ గదుల్లోంచి అడ్డూ ఆపూ లేకుండా వచ్చి నా కంట్లో పడుతోంది. ఎంతసేపు చూశానో తెలియదు. చూస్తూ చూస్తూ ఉండగా, ఇవి పుట్టుకతో ఖాళీ గదులు కావు, మనమే ఖాళీ చేశాం అని తోచింది. ఎవరో మెల్లగా పక్కన కూర్చుని చెప్పినట్టే తోచింది.

లేచి అతని సీసాలో మిగిలిన కఫం తీశాను. ఈసారి ఆల్కహాలులో ముంచకుండా పచ్చిదాన్నే పలక మీద పెట్టి, కొవ్వుకి మాత్రమే పట్టే రంగు వేశాను. అద్దం సర్ది చూస్తే గదులన్నీ నిండి ఉన్నాయి. నారింజ రంగు చుక్కలు, చిన్నవీ పెద్దవీ, కణాల్లోపలా బయటా తేలుతున్నాయి. ఇతని ఊపిరితిత్తిలో నూనె ఉంది. ఉండాల్సిన చోటు కాదది.

పరుగున వెళ్ళి సివిల్ సర్జన్ గారికి చెప్పాను. ఆయన వచ్చి చూశారు, చాలాసేపు చూశారు. తర్వాత నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. కణితి గాలిగొట్టానికి అడ్డం పడితే దాని వెనక భాగంలో కణాలు కుళ్ళి, శరీరంలోని కొవ్వే అక్కడ పోగుపడుతుంది. అప్పుడు కూడా ఇలాంటి కణాలే కనిపిస్తాయి. కాబట్టి నూనె కనిపించినంత మాత్రాన కణితి లేదని చెప్పలేం. "బయటి నుంచి వచ్చిన నూనె అంటావా, ఎక్కడి నుంచి వచ్చిందో చూపించు. అప్పుడు ఒప్పుకుంటా" అన్నారు.

ఆయన మాట న్యాయమైనదే. కామయ్యని పిలిపించి ఇద్దరం అడిగాం. ఆముదం తాగుతావా, విరేచనానికి నూనె మందు ఏదైనా వాడతావా, నాటువైద్యం ఏమైనా చేయించుకున్నావా అని ఒకటికి నాలుగుసార్లు అడిగాం.

"నానేటీ తాగనమ్మా. మందంటే మీరిచ్చిందే" అన్నాడు. అబద్ధం చెప్పే మొహం కాదు అతనిది.

విశాఖ ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చారు. మంగళవారం రైలెక్కాలి. ఈలోగా ఇంటికి వెళ్ళి వస్తానని సెలవు అడిగాడు. ఎందుకంటే, చుక్కాని బావమరిదికి అప్పజెప్పాలి. మా ఊళ్ళో అది పదిమందీ చూస్తుండగా జరగాల్సిన పని, నేను తిరిగొస్తే మళ్ళీ నాకు ఇస్తాడు, రాకపోతే అతనిదే అని వివరంగా చెప్పాడు. అది చెబుతున్నప్పుడు అతను నా వైపు చూడలేదు, కిటికీలోంచి బయటికి చూశాడు.

నాకు ఆ చుక్కల మీద అనుమానం తీరలేదు. శరీరం తనంతట తాను పోగుచేసే కొవ్వు కణంలో సన్నటి నురగలా ఉంటుంది. కామయ్య చుక్కలు అలా లేవు, కొన్ని మరీ పెద్దవి. అదొక్కటే నా చేతిలో ఉన్న ఆధారం. దానితో ఒక మనిషి ఊపిరితిత్తిని కాపాడలేను. ఆదివారం పొద్దున్నే భావనపాడు వెళ్దామని బస్సెక్కాను.

నరసన్నపేట దాటి టెక్కలి మీదుగా వెళ్ళే ఆ దారిలో దుమ్ము ఎంతని చెప్పను. కోతలైపోయిన పొలాల మీంచి లేచి కిటికీల్లోంచి వచ్చి అందరి మొహాలకీ ఒకే రంగు వేసింది. టెక్కలిలో దిగి వేరే బండి పట్టుకునేసరికి నాకు తుమ్ములు మొదలయ్యాయి. నౌపడా దగ్గర ఉప్పు మడులు ఎండకి మెరుస్తున్నాయి. కళ్ళు మూసుకున్నా ఆ తెలుపు రెప్పల్లోంచి లోపలికి వచ్చేది. అక్కడి నుంచి భావనపాడు దాకా ఎలా వెళ్ళానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఎవరిదో ఎడ్లబండి, పక్కన మొగలి పొదలు, ఎక్కడో కనబడకుండా సముద్రం చప్పుడు. అంతే గుర్తుంది.

ఊళ్ళోకి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. తెల్లవారుజామున వేటకి వెళ్ళిన పడవలు వచ్చి ఇసక మీదికి లాగి ఉన్నాయి. చేపలు అమ్ముడైపోయాయి. ఎక్కడా అలికిడి లేదు. పడవల నీడల్లో మగవాళ్ళు వరసగా పడుకుని నిద్రపోతున్నారు. ఎక్కడో దూరాన ఒక కుండ పొయ్యి మీద ఉడుకుతోంది, దాని వాసన ఒడ్డంతా కమ్మింది. నేను ఇసకలో చెప్పులు చేతపట్టుకుని ఆ నిద్ర మధ్యలోంచి నడిచాను. నడుస్తూ ఒక సంగతి గమనించాను. పడుకున్నవాళ్ళలో కొందరి ముక్కుల కింద, పై పెదవి మీద, జిడ్డు మెరుస్తోంది. ఆగి, వంగి చూశాను.

చివరి పడవ నీడలో కామయ్య ఉన్నాడు. ఒక ముసలామె కాళ్ళు చాపుకుని కూర్చుంది, ఆమె తొడ మీద తల పెట్టి కుడి పక్కకి ఒత్తిగిలి పడుకున్నాడు. అతని ముక్కు కిందా అదే మెరుపు. ముసలామె నోట్లో చుట్ట ఉంది, నిప్పు లోపలికి. నన్ను చూసి చుట్ట తియ్యకుండానే వేలు పెదవి మీద పెట్టి, చప్పుడు చెయ్యొద్దని సైగ చేసింది.

"ఎవులమ్మా నువ్వు?" అంది గుసగుసగా.

శ్రీకాకుళం ఆసుపత్రి డాక్టరునని, కామయ్య కోసం వచ్చానని చెప్పాను.

"డాక్టరమ్మవా? ఇంత సిన్నదానివి. నాను ఈడి అమ్మని, పోలమ్మ." అని నన్ను కిందికీ మీదికీ చూసింది. ఇంతలో నాకు మూడు తుమ్ములు వచ్చాయి. ఆమె నాలిక చప్పరించింది. "ముక్కు దిబ్బడేసీసినట్టున్నాది. కూకో. కూకో కాదు, ఇలా తొంగో."

ఆమె పక్కన ఒక ఆల్చిప్ప ఉంది. దాన్ని కాసేపు ఎండలో పెట్టినట్టుంది, అందులో నూనె పలచగా, పసుపుపచ్చగా ఉంది. పక్కనే ఒక కోడి ఈక. అదేమిటని అడిగాను.

"సొర కార్జం నూనమ్మా. అదుగో ఆ కుండలో కాసేది. పడవ సెక్కలకి పూసేదీ ఇదే. ముక్కులో రెండు సుక్కలేసుకుంటే ఉప్పుగాలి పోయి ఊపిరి తేలిగ్గా ఆడతాది. నిద్దర బాగా పడతాది."

సొరచేప కాలేయం నుంచి తీసిన నూనె. నేను వచ్చింది ఇది కనుక్కోవడానికే. కనుక్కున్నాక లేచి చెప్పాల్సింది చెప్పి బయల్దేరవచ్చు. కానీ ఒక్కటి నాకు అర్థం కాలేదు. ముక్కులో వేసిన చుక్క గొంతులోకి పోవాలి, కడుపులోకి పోవాలి. దారి తప్పి ఊపిరితిత్తిలోకి పోతే మనిషి ఉక్కిరిబిక్కిరై దగ్గుతాడు. మెతుకు అడ్డంపడితే ఎంత దగ్గుతాం. ఇంతమంది ఇంత హాయిగా ఎలా నిద్రపోతున్నారు? నేను పమిట సర్దుకుని ఆమె రెండో తొడ మీద తల పెట్టుకుని పడుకున్నాను.

పోలమ్మ ఈకని నూనెలో ముంచి నా ముక్కు మీద పెట్టింది. గోరువెచ్చని చుక్క లోపలికి జారింది. చేపవాసన వస్తుందనుకున్నాను, వచ్చింది, కానీ నేను భయపడినంత కాదు. చుక్క ముక్కు వెనక్కి వెళ్ళింది, గొంతు పైభాగానికి వచ్చింది, అక్కడ ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. నేను దగ్గు కోసం ఎదురుచూస్తున్నాను. దగ్గు రాలేదు. ఆ తర్వాత చుక్క ఎటు వెళ్ళిందో నాకు తెలియలేదు. తెలియకపోవడమే నాకు కావలసిన జవాబు. గొంతు దగ్గర కాపలా ఉండే దగ్గుని నూనె నిద్రపుచ్చి లోపలికి పోతుంది. నీళ్ళయితే అలా పోలేవు. వైద్య పుస్తకంలో ఈ మాట ఉంది, నేను దాన్ని ఇసక మీద పడుకుని చదువుకున్నాను.

వెంటనే లేవాలనుకున్నాను, లేవలేదు. పైన పడవ అడుగు చెక్కలు, వాటి సందుల్లోంచి సన్నటి ఎండ చారలు. అవతల అలల చప్పుడు ఒక పద్ధతిలో వస్తోంది. ముసలామె చెయ్యి ఒకటి కొడుకు తల మీద, ఒకటి నా తల మీద ఉంది. నా చిన్నతనం తర్వాత ఎవరూ నన్ను అలా పడుకోబెట్టలేదు. నిద్రపోయానా లేదా ఈనాటికీ చెప్పలేను. ఆ పడవ నా మీదుగా కదిలి నీళ్ళలోకి వెళ్ళిపోతున్నట్టు, అడుగు నుంచి చూస్తే దాని నీడ ఆకాశంలో పోతున్నట్టు ఉండింది.

కామయ్య లేచి నన్ను చూసి కంగారుపడ్డాడు. ఇంత నూనె వాడుతూ ఆసుపత్రిలో ఏమీ లేదన్నావేం అని నిలదీశాను.

"మీరు మందులడిగినారమ్మా" అన్నాడు. "ఇది మందు కాదు గదా. తొంగున్నప్పుడు ఏసుకునేది. మీరు మొకం కడుగుతావా అనడిగితే కడుగుతానని సెప్పనా?"

మిగతావాళ్ళు జలుబు చేసినప్పుడో, గాలి మారినప్పుడో వేసుకుంటారు. కామయ్యకి మాత్రం రోజూ, పుట్టినప్పటి నుంచీ. ఎందుకంటే పోలమ్మకి అంతకుముందు పుట్టిన పిల్లలెవరూ నిలవలేదు. దగ్గు వచ్చి ఊపిరందక పోయారు. "ఈడు పుట్టినప్పుడూ ఎగశ్వాసే. ఈ నూనె ఏసినాకే నిలిసినాడు. ఆ బయానికి మరి నాను మాననేదు. ఇప్పుడు దగ్గు ఎక్కువైనాదని రెండు పూటలా ఏత్తన్నాను" అంది.

ఇక చెప్పాల్సిన ఘట్టం వచ్చింది. గాజు పలక చూసి జబ్బు పేరు చెప్పడం నాకు బాగా అలవాటు, మనిషి మొహం చూసి చెప్పడం అలవాటు లేదు. ఆ నూనె ఊపిరితిత్తి అడుగున చేరి నిలిచిపోయిందని, అక్కడ ఒరిసి వాపు తెచ్చిందని, ఎక్స్‌రేలో నీడ అదే అయ్యుండవచ్చని, నూనె మానేస్తే కోత లేకుండా తగ్గే అవకాశం ఉందని చెప్పాను.

ఆమె చుట్ట నోట్లోంచి తీసి ఇసకలో గుచ్చింది.

"అయితే ఆడికి రోగం పోసింది నానేనా, అమ్మా?"

"కేన్సరు కాకపోవచ్చు, పోలమ్మా. నువ్వు పట్టుకోవాల్సింది ఆ ఒక్క ముక్కే" అన్నాను. ఆమె అడిగింది అది కాదు. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆమె ఆల్చిప్ప తీసి పక్కన నిద్రలేస్తున్న కామయ్య బావమరిదికి అందించింది. "ఒరే రాజయ్యా, ఇది పడవకి పూసీరా" అంది. అతను ఏమీ అర్థం కాకపోయినా పట్టుకెళ్ళి పూశాడు. ఆ సాయంత్రం జరగాల్సిన చుక్కాని అప్పగింత జరగలేదు. కుండలోంచి కొంచెం నూనె చిన్న సీసాలో పోయించుకుని నేను తిరుగు బండి ఎక్కాను.

సోమవారం ఆ నూనెని అదే రంగుతో పలక మీద పెట్టి, కామయ్య కఫం పక్కన పెట్టి సివిల్ సర్జన్ గారికి చూపించాను. రంగు ఒకటే, చుక్కలు ఒకటే. ఇది నిరూపణ కాదు, ఏ నూనెకైనా అదే రంగు పడుతుంది. కానీ ఎక్కడి నుంచి వచ్చిందో చూపించమన్నారు, చూపించాను. ఆయన రెండు పలకలూ మార్చి మార్చి చూశారు. శస్త్రచికిత్స వానలు పడేదాకా ఆపుదాం అన్నారు. "నీ మాట తప్పయితే ఈలోగా కణితి పెరుగుతుంది. తర్వాత తీద్దామన్నా తీయలేకపోవచ్చు. ఆ సంగతి అతనికి తెలియాలి" అన్నారు.

మంగళవారం రైలు కోసం వచ్చిన కామయ్యకి ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. తలూపాడు. "గాలి ఎటు తిరుగుతాదో తెలవనప్పుడు ఒడ్డున ఆగుతాం గదమ్మా. ఇదీ అంతే" అన్నాడు. నా సంతకంతో రిపోర్టు రాశాను. కేన్సరు కణాలు కనిపించలేదు, బయటి నూనె వల్ల వచ్చిన వాపుగా తోస్తోంది, నూనె మాన్పించి మళ్ళీ ఎక్స్‌రే తీయవలెను. పెథాలజీలో "తోస్తోంది" అనే మాట పైకి మెత్తగా కనిపిస్తుంది. దాని కింద సంతకం పెట్టినవాళ్ళకి తెలుస్తుంది అదెంత గట్టి మాటో. ఆ వేసవి అంతా నాకు భయంగానే గడిచింది. మైక్రోస్కోపు ముందు కూర్చున్నా ఆ పాత మత్తు వచ్చేది కాదు.

వానలు మొదలయ్యాక కామయ్య వచ్చాడు. సివిల్ సర్జన్ గారు పాత ఫిలిమునీ కొత్త ఫిలిమునీ నా కిటికీకే ఆనించి పట్టుకున్నారు. బయట ముసురు, వెలుతురు అంతంతమాత్రం. అయినా తెలిసింది. నీడ అంచులు వెనక్కి తగ్గాయి, మధ్యలోంచి పక్కటెముకలు కనబడుతున్నాయి. కణితి అయితే ఇలా తగ్గదు. దసరా వెళ్ళాక తీసిన ఫిలిములో ఒక మచ్చ మాత్రం మిగిలింది, అది ఎప్పటికీ పోలేదు. ఆ మచ్చ చుక్కానికి అడ్డం రాలేదు. ఆయన ఫిలిములు దించి, "కునుకు తీస్తే తప్ప కనబడని జబ్బులు కూడా ఉంటాయన్నమాట" అన్నారు. నాకు ఆ రోజు కళ్ళనీళ్ళు తిరిగాయి, జలుబని చెప్పాను.

కామయ్య వెళ్ళబోతుంటే మీ అమ్మ నూనె నిజంగా మానిందా అని అడిగాను.

"ఆ రోజే మానీసినాదమ్మా. తొంగోబెట్టడం మాత్రం మాననేదు. వేట నుంచి రాగానే ఒళ్ళో తల ఎట్టించుకుంటాది. ఆల్చిప్ప ఉత్తదే. ఆ కోడీకతోటి ముక్కు మీద ఇలా ఇలా రాస్తాది, అంతే." అని వేలితో తన ముక్కు మీద రాసి చూపించాడు. "నిద్దరొచ్చేస్తాదమ్మా."

ఆ తర్వాత చాలా ఏళ్ళు చాలా ఊళ్ళలో పనిచేశాను. ఆ అనుభవం నాకు రెండు సంగతులు నేర్పింది. పలక మీద ఖాళీ కనిపిస్తే అది ఖాళీ అని రాయకూడదు, అక్కడ ఉన్నదాన్ని మనం ఏ ద్రవంతో కడిగేశామో ముందు చూసుకోవాలి. రెండోది రోగిని అడిగే ప్రశ్న. మందులేం వాడుతున్నావని అడిగితే మందుల సంగతే చెబుతారు. అందుకని తీరం నుంచి ఎవరు వచ్చినా నేను ఆ ప్రశ్న తర్వాతకి ఉంచేదాన్ని. వేట నుంచి వచ్చాక ఎక్కడ పడుకుంటావు, తల ఎవరి ఒళ్ళో పెడతావు అని ముందు అడిగేదాన్ని.